ఊరు తినే వేళకే మీరూ తినండి

ప్రశ్న: మాది హనుమకొండ. మే రెండో వారంలో శుక్రవారం పొద్దున బయల్దేరి కాకినాడ, ఉప్పాడ, విశాఖ, భీమిలి చూసుకుని సోమవారం రాత్రికి ఇల్లు చేరాలని అనుకుంటున్నాం. కారులో ప్రయాణం. మేమిద్దరం, పదకొండేళ్ల పాప, ఆరేళ్ల బాబు, మా అత్తమ్మ. అత్తమ్మకు 67 ఏళ్లు, షుగరు, బీపీ ఉన్నాయి. శనివారం నీసు ముట్టదు. పెద్ద పెద్ద రెస్టారెంట్లలో తినాలని లేదు. అక్కడివాళ్లు తినే మెస్సుల్లో, రోడ్డు పక్క హోటళ్లలో తినాలని ఆశ. కానీ పోయినసారి సముద్రం ఒడ్డున ఒకచోట చేప వేపుడు తిన్నాక బాబుకు రాత్రంతా వాంతులు. బిల్లు కూడా అనుకున్నదానికి రెట్టింపు వేశారు. మంచి హోటల్ ఏదో బయటి నుంచి చూసి ఎట్లా గుర్తుపట్టాలి?

జవాబు: బయటి నుంచి చూసి గుర్తుపట్టడం కష్టమేనమ్మా. ఎందుకంటే చిన్న హోటల్లో తిండి రోజంతా ఒక్క తీరుగా ఉండదు. పన్నెండున్నరకు పొగలు కక్కే అన్నం వడ్డించిన మెస్సే మూడున్నరకు అడుగంటిన పులుసు, మెత్తబడిన వేపుడు పెడుతుంది. వంటమనిషి అదే, చెయ్యి అదే. అందుకని హోటళ్ల పేర్లు రాసుకుని పోయేకన్నా, ఆ ఊరు ఏ వేళకు తింటుందో తెలుసుకుని మీ కారును ఆ వేళకు అక్కడికి చేర్చండి. మీ నాలుగు రోజులనూ ఆ లెక్కనే సర్దుకోవచ్చు.

చిన్న భోజన హోటళ్లలో పన్నెండు గంటలకల్లా వడ్డన మొదలవుతుంది. పన్నెండుంపావు నుంచి ఒకటిన్నర వరకు అసలైన వేళ. అన్నం వాయి మీద వాయి దిగుతుంటుంది, వేపుడు మూకుడులోంచి నేరుగా ఆకులోకి వస్తుంది. రెండు దాటిందంటే మిగిలింది ఊడ్చిపెట్టడమే. టిఫిన్లకు ఏడు నుంచి తొమ్మిది. తొమ్మిది తర్వాత ఇడ్లీ దొరుకుతుంది కానీ కొబ్బరి పచ్చడి మీద నమ్మకం పెట్టుకోవద్దు. మే ఎండలకు మూడు నాలుగు గంటల్లోనే అది పులిసిపోతుంది. గిన్నె అంచుల్లో నీళ్లు తేలి, పుల్లటి వాసన వస్తే పక్కన పెట్టేసి అల్లం పచ్చడి అడగండి. చింతపండు, బెల్లం పడతాయి కాబట్టి అది త్వరగా చెడదు. ఇక రాత్రి పదిన్నరకు ఏ ఊరు చేరినా చేప, బిర్యానీ జోలికి పోకుండా, పెనం మీద అప్పుడే పోసిన దోసె, గుడ్డట్టు, లేదంటే ప్యాకెట్ పెరుగుతో అన్నం తిని పడుకోండి.

శుక్రవారం అయిదింటికి బయల్దేరితే వర్ధన్నపేట, తొర్రూరు, మరిపెడ మీదుగా ఖమ్మం సుమారు 120 కిలోమీటర్లు. ఏడున్నరకు అక్కడ టిఫిన్. సత్తుపల్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం దాటి గోదావరి వంతెన ఎక్కి రాజమండ్రి చేరేసరికి పన్నెండున్నర, ఒంటిగంట అవుతుంది. సరిగ్గా భోజనం వేళ. దారిలో ఆలస్యమైతే రాజమండ్రి కోసం మొండిగా పోవద్దు. కొయ్యలగూడెంలోనో దేవరపల్లిలోనో దిగిపోండి. బైపాస్ మీది దాబాలకన్నా ఊళ్లోకి ఒక కిలోమీటరు పోయి కోర్టు, మండలాఫీసు, మార్కెట్ యార్డు, బస్టాండు చుట్టుపక్కల చూడండి. అక్కడి మెస్సులకు రోజూ అవే ముఖాలు వస్తాయి. ఒక్కరోజు పప్పు పాడైనా మర్నాడు అడిగేవాళ్లుంటారు. దాబావాళ్లకు మీరు మళ్లీ కనపడరు. అయితే ఆఫీసుల దగ్గరి మెస్సులు ఆదివారం, రెండో శనివారం చాలావరకు మూసే ఉంటాయి. శుక్రవారం మాత్రం మీకు బాగా పనికొస్తాయి.

లోపలికి పోయాక కూర్చునే ముందు చేతులు కడుక్కునే చోటికి పోండి. సబ్బు ఉందా, నీళ్లు వస్తున్నాయా అన్నది వంటగదిలో చేతులు ఎట్లుంటాయో చెప్పేస్తుంది. తర్వాత ఆకులు లేస్తున్న వేగం చూడండి. ఒకరు లేవగానే ఇంకొకరు కూర్చుంటున్నారంటే గిన్నెలో కూర పావుగంట కూడా నిలవడం లేదన్నమాట. ‘ఫుల్ మీల్స్’ అంటే అన్నం, పప్పు, పులుసు అడిగినంత. పిల్లలతో పంచుకుంటామంటే సహజంగానే ఒప్పుకోరు. బాబుకు ‘ప్లేట్ మీల్స్’ చెప్పండి. పార్సిల్ కట్టించుకుంటే ఇద్దరికి సరిపోయే అన్నం వచ్చే చోట్లు చాలానే ఉన్నాయి, కానీ ఎండలో నిలిపిన కారులో దాన్ని గంటకు మించి ఉంచొద్దు. కట్టించుకుంటే వెంటనే ఏ చెట్టు కిందో కూర్చుని తినేయాలి.

ఇప్పుడు అసలు సంగతి, చేప. మీరు పోయేది మే నెల. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఆపుతారు. మనవాళ్లకు బడి సెలవులు వచ్చేదీ, సముద్రం చూడాలనిపించేదీ సరిగ్గా అప్పుడే. కాబట్టి మే నెలలో హోటల్ వాళ్లు ‘ఇప్పుడే సముద్రంలోంచి వచ్చింది’ అంటూ పెద్ద వంజరం ముక్క చూపిస్తే, అది చాలావరకు ముందే ఐసులో పెట్టిన సరుకు. ఐసు సరిగ్గా ఉంటే అందులో తప్పు లేదు. కరిగించి, మిగిలింది మళ్లీ గడ్డకట్టించి, మళ్లీ కరిగిస్తేనే కండ పిండిలా విడిపోతుంది, నీసు వాసన పెరుగుతుంది. విశాఖలో వంజరాన్నే కోనెం అంటారు, రెండూ వేరనుకుని రెండూ చెప్పకండి.

అందుకే మేలో ఐసుపెట్టె చేప వెంట పడకుండా ఆ సమయంలో తాజాగా దొరికేవి తినండి. గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచే రొయ్యలు, పండుగప్ప ఏడాది పొడవునా వస్తాయి. కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల వైపు నుంచి మండపీతలు వస్తాయి. మర లేని తెప్పల మీద తెచ్చే చిన్న చేపలు, నెత్తళ్లు, కవ్వళ్లు పొద్దున పూట దొరికితే అదృష్టమే. పులస మాత్రం అడగొద్దు. సముద్రంలో వలస అనే చేప వానాకాలం వరదకు గోదావరిలోకి ఎదురెక్కితేనే పులస. జులై నుంచి సెప్టెంబరు మధ్య దాని కాలం. మేలో పులస అని పెడితే అది ఇంకోటి, ధర మాత్రం పులసదే ఉంటుంది. పైగా దాని నిండా సన్న ముళ్లు, ఆరేళ్ల బాబుకు పెట్టే చేప కాదు. బాబుకు నడుమ ఒక్క ముల్లుండే వంజరం గానీ, పండుగప్ప గానీ పెట్టండి. అపోలో ఫిష్‌కు ముళ్లుండవు, నిజమే, కానీ అది మీకు హనుమకొండ చౌరస్తాలోనే దొరుకుతుంది.

హోటల్లో ‘చేప ఫ్రెష్షేనా?’ అని అడిగితే కాదని ఎవరూ చెప్పరు. ‘అన్నా, ఇయ్యాల ఏం చేప వచ్చింది?’ అని అడగండి. ఒకటో రెండో పేర్లు చెప్పి ‘మిగతావి లేవండి’ అన్నవాళ్ల దగ్గర కూర్చోండి. పదిహేను రకాలు గడగడా చదివారంటే ఐసుపెట్టె పెద్దదని అర్థం. పులుసు, ఇగురు, వేపుడు ఈ మూడింట్లో ఏది అని అడుగుతారు. ఇగురంటే నీళ్లు ఇగిరిపోయి మసాలా ముక్కకు పట్టేదాకా ఉడికించిన దగ్గరి కూర. మీకు ఏమాత్రం అనుమానమున్నా పులుసే చెప్పండి. బాగా మరిగి, చింతపండు పులుపులో ఉడికిన ముక్క అన్నిటికన్నా భద్రం. మీ ముందుకు వచ్చినప్పుడు గిన్నె పట్టుకోలేనంత వేడిగా ఉండాలి, గోరువెచ్చగా ఉంటే తిప్పి పంపండి.

బాబుకు పోయినసారి జరిగింది బహుశా వేపుడు దగ్గరి తప్పే. ఒడ్డున తోపుడు బండి మీద మసాలా పట్టించిన ముక్కలు పళ్లెంలో పేర్చి ఉంటాయి చూడండి. ఎర్రగా నోరూరిస్తాయి. కానీ మసాలా పూసిన తర్వాత కన్ను, మొప్ప, వాసన ఏవీ తెలియవు. పొద్దున పూసి పెట్టింది సాయంత్రం అయిదింటికి వేయించి ఇచ్చినా మీకు తేడా తెలియదు. అందుకని పళ్లెంలోది కాకుండా ఐసులోంచి మొత్తం చేప తీయించండి. మొప్పలు ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, గోధుమరంగు తిరిగితే వద్దు. కన్ను ఉబ్బి నిగనిగలాడాలి. వేలితో నొక్కితే గుంట నిలవకుండా కండ పైకి లేవాలి. ఆ చేపనే కోసి, మసాలా పట్టించి, మీ కళ్లముందే పెనం మీద వేయమనండి. పదిహేను నిమిషాలు పడుతుంది, పిల్లల్ని అలల దగ్గరికి తీసుకుపోయి రండి. నూనె నల్లగా చిక్కబడి, చేప వేయకముందే అంచుల్లో నురగ కట్టి పొగలు వస్తుంటే ఆ బండి వదిలేయండి. బొటనవేలంత మందం ముక్కకు సన్నటి మంట మీద ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు కావాలి. జనం ఎక్కువై మంట పెంచారంటే పైన మాడి, ముల్లు దగ్గర పచ్చిగా ఉండిపోతుంది. ముక్క చేతికి రాగానే నడిమి ముల్లు దగ్గర విప్పండి. కండ తెల్లగా, పొరలు పొరలుగా ముల్లు విడిచి రావాలి. గాజులా మెరుస్తూ ముల్లుకు అంటుకుని ఉంటే మళ్లీ పెనం మీద వేయమనడానికి మొహమాటపడొద్దు.

ఇంకో ప్రమాదం వండినా పోదు. కానాగంతలు, సూర చేప, కవ్వళ్లు ఐసు లేకుండా ఎండలో కొన్ని గంటలుంటే కండలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. ఎంత వేయించినా అది అట్లే ఉంటుంది. తిన్న కొన్ని నిమిషాలకో, గంటకో ముఖం ఎర్రబడటం, దురద, తలనొప్పి, వాంతులు వస్తాయి. నాలుక మీద మిరియం పెట్టినట్టు చురుక్కుమంటే ఆ ముద్ద ఉమ్మేసి ప్లేటు పక్కన పెట్టండి. ఊపిరి ఆడటం కష్టమైతే ఇక ఆలోచించకుండా 108.

రొయ్యలు, పీతలు పిల్లలు ఇంతకుముందు తిన్నారా? తినకపోతే మొదటిసారి మధ్యాహ్నం పూట, ఒక్క రొయ్యతో మొదలుపెట్టండి. పడకపోతే పెదవులు వాచడం, దద్దుర్లు త్వరగానే కనిపిస్తాయి, వెలుతురులో ఆసుపత్రి వెతుక్కోవడం సులువు. రొయ్య వీపు మీది నల్ల నరం తీశారా చూడండి, తీయకపోతే పంటి కింద ఇసుక తగులుతుంది. పీతనైతే బతికున్నదే వండించుకోవాలి. దారంతో కట్టి ఉన్నా కాళ్లు, కళ్లు కదులుతుంటాయి. చచ్చిన పీత ఎంత చవకైనా వద్దు. డెక్కలు వంటగదిలోనే పగలగొట్టి తెమ్మనండి, లేకపోతే పాప పంటితో కొరుకుతుంది.

వారం లెక్క కూడా ఉంది. ఆదివారం ప్రతి హోటల్లో నీసు తెగినంతగా ఇంకే రోజూ తెగదు. సోమవారం, శనివారం చాలామంది ముట్టరు కాబట్టి ఆదివారం మిగిలింది సోమవారం ఇగురై తిరిగొస్తుంది. మీ ప్రయాణం దీనికి భలే కుదిరింది. శనివారం అత్తమ్మతో పాటు అందరూ శాకాహారమే తినండి. పొద్దున కాకినాడలో పెసరట్టు. ఉప్పాడ రోడ్డును కెరటాలు కోస్తుంటాయి, తీరం వెంట దారి తెరిచి ఉందో లేదో కాకినాడలోనే అడిగి బయల్దేరండి. అన్నవరంలో దర్శనం, ఆకులో కట్టిచ్చే గోధుమనూక ప్రసాదం, కొండ కింద భోజనం. ఒక జాగ్రత్త, చేప వేయించే చిన్న హోటల్లో శాకాహారం కూడా దొరుకుతుంది కానీ పెనం, నూనె, గరిటె తరచుగా ఒక్కటే. అత్తమ్మకు పట్టింపు ఉంటే శాకాహారం ఒక్కటే వండే చోటికే తీసుకుపోండి. ఇక సముద్రపు విందు ఆదివారం మధ్యాహ్నం భీమిలి వైపు పెట్టుకోండి. పన్నెండున్నరకల్లా కూర్చోవాలి, ఒకటిన్నరకు విశాఖ సగం అక్కడికే వస్తుంది.

బిల్లు గురించి. మెనూలో ధర ఉన్న ప్లేటుకు గొడవలు తక్కువ. ‘మార్కెట్ రేటు’, ‘సైజును బట్టి’ అని రాసి ఉన్నచోటే రెట్టింపవుతుంది. మొత్తం చేప చెబితే నాలుగు సంగతులు ముందే తేల్చుకోండి: కిలో ఎంత, తూకం కోయకముందా కోసిన తర్వాతా, వండినందుకు వేరే ఇవ్వాలా, మొత్తం ఎంతవుతుంది. తలా, పొట్టా, పొలుసూ, ముల్లూ పోతే కిలో పండుగప్పలో తినే కండ సగానికి అటూ ఇటూ. రొయ్య కూడా తల, పెంకు తీస్తే దాదాపు సగమే మిగులుతుంది. ‘30 కౌంట్’ అంటే కిలోకు ముప్పై తూగే రొయ్యలని, అంకె పెరిగేకొద్దీ సైజు చిన్నది. ప్లేటుకు ఎన్ని వస్తాయో అడగడం తప్పు కాదు. మీ అయిదుగురికి ఒక కిలో పండుగప్ప, రెండు ప్లేట్ల రొయ్యల ఇగురు, పప్పు, అన్నం ధారాళంగా సరిపోతాయి. త్రాసు సున్నా దగ్గర ఉందో లేదో చూసి, ఒప్పుకున్న మొత్తాన్ని కాగితం మీద రాయించి ఫోన్లో ఫొటో తీసుకోండి. మామూలు హోటళ్లలో జీఎస్టీ 5 శాతం. కాంపోజిషన్ పద్ధతిలో, అంటే అమ్మకాల మీద కొంత శాతం పన్ను తామే చేతి నుంచి కట్టే లెక్కలో, ఉన్న చిన్న హోటల్ బిల్లు మీద జీఎస్టీ విడిగా వేయకూడదు. సర్వీస్ చార్జి ఇవ్వడం మీ ఇష్టం, బలవంతం లేదు. మాటతో తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

అత్తమ్మ విషయంలో గంట తప్పొద్దు. భోజనానికి ముందు వేసుకునే షుగరు మాత్ర, ఇన్సులిన్ ఉంటే కారు ఆపగానే వేసుకోవద్దు. ఆకు పరిచి అన్నం వచ్చాక వేసుకోమనండి. హోటల్లో అరగంట ఆలస్యమైతే షుగరు పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. బిస్కెట్లు, చక్కెర ఆమె సంచిలోనే ఉండాలి, డిక్కీలో కాదు. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. పెసరట్టు ఆమెకు మంచిదే, లోపల ఉప్మా లేకుండా చెప్పండి, అల్లం పచ్చడి బెల్లంతో ఉంటుంది కాబట్టి అంటీ అంటనట్టు. భోజనంలో అన్నం మొదటి వడ్డనతో ఆపి, పప్పు, కూరలు, మజ్జిగ పెంచితే చాలు. బీపీకి శత్రువులు అప్పడం, ఆవకాయ, ఎండుచేప. ప్రసాదం కళ్లకద్దుకుని ఒక్క ముద్ద.

కారం గురించి వరంగల్ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మన చపాటా మిర్చికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కూర ఎర్రగా ఉన్నా పిల్లలు తినేస్తారని మన ఇళ్లల్లో ఒక అలవాటు పడిపోయింది. అక్కడ ఆ లెక్క పనికిరాదు. గుంటూరు రకం మిరపతో చేసిన ఇగురు గోధుమ రంగులో ఉండి కూడా నోరు మండిస్తుంది. బాబు ముద్దలో ముందు నెయ్యి, పప్పు కలిపి, పులుసు చెంచాడు వేసి చూడండి.

ఇంటి నుంచి ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఒకటి పెట్టుకోండి, మే ఎండకు అయిదుగురికి ఒక రోజుకు వస్తుంది, తర్వాత రోజూ నింపించుకోండి. రోడ్డు మీద చెరుకురసంలో, సోడాలో ఐసు వద్దు. చేపలకు వాడే గడ్డ, ఆ బండికి వచ్చే గడ్డ ఒక్కచోటివే కావొచ్చు. కొబ్బరిబోండాం, ముందే వలిచి పెట్టని తాటిముంజలు హాయిగా తినండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్లు నాలుగు తీసుకోండి. లీటరు నీళ్లకు మొత్తం ప్యాకెట్ కలపాలి, సగం సగం చేస్తే పాళ్లు తప్పుతాయి. డబ్బాల్లో వచ్చే తియ్యటి పానీయాలు దానికి బదులు కావు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో మొదలయ్యే వాంతులు ఎక్కువగా ఒక రోజులో తగ్గుతాయి, గుక్క గుక్కగా తాగిస్తూ ఉండాలి. తాగిన నీళ్లూ నిలవకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, బాబు ఆరు గంటలు మూత్రం పోయకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. అత్తమ్మకైతే వాంతులు మొదలవగానే ఆమె డాక్టరుకు ఫోన్ చేసి షుగరు మాత్రల సంగతి అడగండి.

సోమవారం తిరుగు ప్రయాణంలో విశాఖ నుంచి ఆరింటికల్లా కదిలితే రాజమండ్రి దగ్గర భోజనం వేళకు ముందే ఉంటారు. ఆ పూట నీసు లేకుండా కానివ్వండి. ఇంటికి ఏమైనా తీసుకుపోవాలంటే పచ్చి చేప ఆలోచన మానుకోండి. అంత దూరం, ఆ ఎండలో, చేపకు సమానంగా ఐసు నింపి కరిగిన నీళ్లు తీసేస్తూ రావాలి. ఎండురొయ్యలు, ఎండు నెత్తళ్లు మేలు. చేతిలోకి తీసుకుంటే పొడిగా గలగలమనాలి, తడి తగిలితే ఇల్లు చేరేలోపు బూజు పడుతుంది. రెండు కవర్లలో బిగించి కట్టి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి డిక్కీలో వేయండి. మూత వదులైతే నెల దాకా కారు వాసన పోదు.